ఏ యాదమ్మ?

మొన్న మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఉండగా ఫోన్ మోగింది. మాట్లాడింది ఐదు నిమిషాలే. పెట్టేశాక మాత్రం ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింటికి తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన పేపరు దించి, "ఏంటి రత్నా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నారు.

"కంగారుతో కాదండి, సంతోషంతో" అన్నాను.

ఆ ఫోన్ సంగతి చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే నేనెందుకంత ఎగిరానో మీకు అర్థం కాదు.

నా పేరు రత్నకుమారి. ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. పుట్టింది భీమవరం పక్కన. చదివింది ఒక మిషన్ ఆస్పత్రి వాళ్ల నర్సింగ్ స్కూల్లో. సర్వీసులో ఎక్కువ భాగం ఇక్కడే, హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గడిచింది. వచ్చే వారం ఒక నర్సింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలతో మాట్లాడమని పిలిచారు. అంశం కూడా వాళ్లే ఇచ్చారు: వైద్య సిబ్బంది చట్టపరమైన, నైతిక బాధ్యతలు. ఆ మాటలు వినగానే వెనక బెంచీల్లో ఎంతమందికి ఆవలింతలు వస్తాయో నాకు తెలుసు, ఎందుకంటే మా రోజుల్లో ఆ క్లాసులో ఆవలించినదాన్ని నేనే. అందుకని సెక్షన్లూ నిబంధనలూ పక్కన పెట్టి, నా చేతుల మీదుగా జరిగినవే రాస్తున్నాను. పిల్లలూ, ఇందులో నేను మంచిదాన్నిగా కనబడే చోట్లు తక్కువే ఉంటాయి.

మూడో అంతస్తు

మా రోగుల్లో సగం మంది మెడలో కంపెనీ ట్యాగుతోనే వచ్చేవారు. సెలైన్ ఎక్కుతుంటే ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో కూర్చునేవారు. "బాబూ, చెయ్యి కదిపితే సూది జారుతుంది" అంటే "మ్యూట్‌లో ఉన్నాను సిస్టర్, చెప్పండి" అనేవారు. వాళ్లతో నవ్వుకుంటూనే రోజులు గడిచిపోయేవి.

ఒకరోజు ఒక కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు తేనెలా ఉంది. "మా టీమ్‌లో ఒకతను మీ దగ్గర అడ్మిట్ అయ్యాడట కదండి. బొకే పంపుదామని. ఇంతకీ ప్రాబ్లమ్ ఏంటండి?"

రోగి జబ్బు పేరు బయటివాళ్లకు చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పలేదు. "ఆ వివరాలు మేం ఇవ్వకూడదమ్మా" అని గొప్పగా అన్నాను. బొకే ఎక్కడికి పంపాలని అడిగితే మాత్రం, మూడో అంతస్తు అన్నాను. మా ఆస్పత్రి మూడో అంతస్తులో ఉన్నది మానసిక వైద్య విభాగం ఒక్కటే. కింద లిఫ్టు పక్కన బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది.

రెండు రోజుల తర్వాత ఆ అబ్బాయి నన్ను పిలిచాడు. కోపం లేదు, అరుపు లేదు. "సిస్టర్, మీరు జబ్బు పేరు చెప్పలేదు. అంతస్తు నంబరు చెప్పారు. నిన్నటి నుంచి మా టీమ్ అంతా ఫోన్లో నాతో చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు" అన్నాడు. క్షమించమని అడిగాను, అతను తలూపాడు. డిశ్చార్జి అయ్యాక అతను ఆ కంపెనీలో ఉన్నాడో మానేశాడో నాకు తెలియదు.

గోప్యత అంటే జబ్బు పేరు దాచడం ఒక్కటే అనుకున్నాను. రోగి ఏ వార్డులో ఉన్నాడు, ఏ డాక్టరు చూస్తున్నాడు, అసలు ఆస్పత్రికి వచ్చాడా లేదా అన్నది కూడా అతని సొంత విషయమే. అతను ఒప్పుకుంటే తప్ప మన నోట్లోంచి రాకూడదు. అడిగేవాళ్ల గొంతు ఎంత తియ్యగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలని ఆ రోజు నేర్చుకున్నాను.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిత్తాశయం ఆపరేషన్‌కి వచ్చిన ఒకామె ఉండేది, ఏదో కంపెనీలో టీమ్ లీడ్. పూర్తి స్పృహలో, మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. మా జూనియర్ నర్సు అంగీకార పత్రం పట్టుకుని ఆమెను దాటి వెళ్లి, వరండాలో నిలబడ్డ భర్త చేత సంతకం పెట్టించుకొచ్చింది. మన దగ్గర అదో అలవాటు, ఎవరూ తప్పనుకోరు. ఆమె ఆ కాగితం చూసి, "రోజూ నలభై మంది పని నా సంతకంతో కదులుతుంది సిస్టర్. నా పొట్ట కొయ్యడానికి మాత్రం నా సంతకం పనికిరాదా?" అంది. మేమిద్దరం తలలు దించుకుని కొత్త కాగితం తెచ్చాం. తెలివిలో ఉన్న పెద్ద మనిషి శరీరానికి అనుమతి ఇవ్వాల్సింది ఆ మనిషే. చట్టమూ అదే అంటుంది, ఇంగితమూ అదే అంటుంది.

ఇద్దరు యాదమ్మలు

ఇప్పుడు అసలు సంగతి. పద్నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నా సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

జనరల్ వార్డులో ఆ వారం ఇద్దరు యాదమ్మలు ఉన్నారు. ఆరో నంబరు మంచం యాదమ్మది గోపన్‌పల్లి. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఊడ్చే పని. కాలికి దెబ్బ తగిలి, చీము పట్టి, మోకాలి దాకా వాచింది. తొమ్మిదో నంబరు మంచం యాదమ్మది శంకర్‌పల్లి వైపు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. ఆమెకు పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్ రాశారు. ముందురోజు కొంచెం మందు చర్మం కింద వేసి చూసే టెస్ట్ డోసు కూడా చేశారు. పడింది. కాబట్టి ఇక మామూలుగా ఇచ్చుకోవచ్చు.

ఆ రోజు ఆస్పత్రికి తనిఖీ బృందం వస్తోంది. ఆస్పత్రి ప్రమాణాలు చూసి గుర్తింపు ఇచ్చేవాళ్లన్నమాట. పొద్దున్నుంచి హడావుడి. కర్టెన్లు మార్చారు, కుండీలు తెచ్చిపెట్టారు, "చేతులు కడుక్కోండి" అనే కొత్త బోర్డులు అంటించారు. శంకర్‌పల్లి యాదమ్మను ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. నేను పదిగంటల ఇంజెక్షన్లు ట్రేలో పెట్టుకుని వచ్చాను. ఆరో నంబరు మంచం దగ్గర ఆగి, తల ఎత్తకుండానే అడిగాను.

"యాదమ్మ కదా?"

"ఆ, యాదమ్మనే."

ఆమె అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను. పూర్తి పేరు ఆమె చేత చెప్పించాలి, చేతికి కట్టిన పట్టీ మీద నంబరు చూడాలి, దాన్ని కేస్ షీటుతో సరిచూడాలి. ఈ మూడూ నేను జూనియర్లకు నేర్పేదాన్ని. ఆ పట్టీ గాజులకు అడ్డొస్తోందని ఆమె మోచెయ్యి పైకి తోసుకుంది, దాని మీద చీర కొంగు పడి ఉంది. కొంగు తొలగించి చూడ్డానికి రెండు సెకన్లు పట్టేది. ఆ రెండు సెకన్లు నాకు లేవనుకున్నాను.

తర్వాతి మంచం దగ్గరికి వెళ్లేలోపే ఆమె ఒళ్లు గోక్కోవడం మొదలుపెట్టింది. "సిస్టరమ్మా, ఒళ్లంత మంటలేస్తుంది" అంది. తిరిగి చూసేసరికి మొహమంతా దద్దుర్లు, పెదవులు వాచిపోయాయి. ఊపిరి తీస్తుంటే ఈల వస్తోంది. చేతిలోని సిరంజి మీద రాసిన మంచం నంబరు చూశాను, తొమ్మిది. అప్పుడు తెలిసింది, ఏం చేశానో.

తర్వాత పావుగంట నా కాళ్లూ చేతులూ వాటంతట అవే పనిచేశాయి. బెల్లు కొట్టడం, ఆక్సిజన్, తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్, రెండో చేతికి సెలైన్. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఏం ఇచ్చారు?" అంటే మందు పేరు చెప్పాను. ఆ ఒక్క క్షణం అబద్ధం ఆడకపోవడం నా అదృష్టం, లేకపోతే ఆమె దక్కేది కాదు. పదకొండు గంటలకల్లా ఊపిరి కుదుటపడింది. నేను బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

సగం వాక్యం

బయటికి వచ్చేసరికి ఆపరేషన్స్ మేనేజరు నా కోసం ఎదురుచూస్తున్నాడు. చెడ్డవాడని అనలేను, భయస్తుడు. "సిస్టర్, మనిషి బతికింది కదా. బృందం కింద రిసెప్షన్‌లో ఉంది. ఆమెకు పొద్దున ఇంటి నుంచి ఏం కూర వచ్చింది?" అన్నాడు.

"ఎండు చేపల కూర అనుకుంటానండి."

"మరింకేం. ఎండు చేపలు పడలేదు, అంతే. డాక్టరుతో నేను మాట్లాడతాను. మీరు నోట్సు రాసేయండి."

పిల్లలూ, ఇప్పుడు నేను చెప్పబోయేది అడిగినవాళ్లకు తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నేను పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాను. "ఉదయం ఇంటి నుంచి తెచ్చిన ఎండు చేపల కూర తిన్న తర్వాత" అని రాశాను. నా ఉద్యోగం, నర్సింగ్ కౌన్సిల్‌లో నా రిజిస్ట్రేషన్, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, అన్నీ ఆ వాక్యం వెనక దాక్కున్నాయి. చెయ్యి వణకను కూడా లేదు. అబద్ధం రాస్తుంటే చెయ్యి వణుకుతుందని అంటారు, అది ఒట్టి మాట.

అప్పుడు నర్సులందరికీ పెద్ద, మా మేట్రన్ సత్తెమ్మ గారు వచ్చారు. మెదక్ వైపు మనిషి. అరిస్తే రెండు అంతస్తులు వినబడేది. ఆ రోజు మాత్రం అరవలేదు. నా భుజం మీదుగా కాగితం చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏంది రత్నా ఇది?"

నేను పెన్ను మూత పెట్టాను.

"సరే. నువ్వు గిట్లనే రాస్తవనుకో. ఆమె ఇంటికి పోతది. ఎండు చేపలు తినుడు బంద్ జేస్తది. రేపు ఇంకో దవాఖానకు పోతది. ఆడ గిదే సూది ఇస్తరు. ఆ దినం ఆమె సచ్చిపోతే ఎవ్వలు బాధ్యులు? ఆడున్న నర్సా, నువ్వా?"

అప్పటిదాకా నేను ఆలోచించిందంతా నా గురించే. జరిగిన తప్పు గురించి, పడబోయే శిక్ష గురించి. ఆ కాగితం ఆమెకు రేపు ప్రాణమో మరణమో అవుతుందని తట్టనే లేదు. కేస్ షీటు మనల్ని కాపాడుకోవడానికి రాసేది కాదు, రోగిని తర్వాత చూసేవాళ్లకు మనం రాసే ఉత్తరం. ఇరవై ఏళ్లు రాసి కూడా అది నాకు ఆ కుర్చీలోనే తెలిసింది.

కాగితం చింపబోయాను. సత్తెమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "చింపకు. తెల్ల సిరా పుయ్యకు. ఒక్క గీత గియ్యి, కింద అక్షరం కనబడాలె. పక్కన సంతకం పెట్టు, టైమ్ ఎయ్యి. ఇగ జరిగింది జరిగినట్టు రాయి."

గీత గీశాను. దాని కింద ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఎవరికి ఇవ్వాల్సింది ఎవరికి ఇచ్చాను, పట్టీ చూడలేదు అన్నదాకా రాశాను. ఆ గీత కింది సగం వాక్యం ఆ ఫైల్లో ఉండిపోయింది.

చెప్పడం

"ఆమెకు చెప్పాలె" అన్నారు సత్తెమ్మ గారు. "నువ్వే చెప్పాలె. నేను పక్కకు నిలబడత."

మేనేజరు వద్దని బతిమాలాడు. సత్తెమ్మ గారు అతనితో ఒక్క మాటే అన్నారు. "సార్, మీరు జర బయటికి పోతరా? ఇది నర్సుల పని." అతను వెళ్లిపోయాడు.

యాదమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. మొహం ఇంకా ఉబ్బే ఉంది. పక్కన కొడుకు మహేశ్, ఇరవై ఏళ్లుంటాయి, డెలివరీ బైకు నడుపుతాడు, హెల్మెట్ చేతిలోనే ఉంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. అంతకుముందు ఎన్ని చావుకబుర్లు చెప్పానో. ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"యాదమ్మ గారూ, పొద్దున మీకు వేసిన సూది మీది కాదండి. ఆ మంచం మీది యాదమ్మ గారిది. మీ పట్టీ చూడకుండా వేశాను. తప్పు నాది. ఆ మందు మీ ఒంటికి పడదు. అందుకే ఇలా అయింది."

మహేశ్ లేచి నిలబడ్డాడు. "అంటే మా అమ్మను సంపుతుంటివా? కేసు పెడతా. మీ అందరి మీద పెడతా."

"పెట్టు బిడ్డా" అన్నారు సత్తెమ్మ గారు. "అది నీ హక్కు. కాగితాల నకళ్లు కావాల్నంటే అర్జీ పెట్టు, ఇప్పిస్త."

యాదమ్మ ఇద్దరినీ చూసి, నా వైపు తిరిగింది. "మరి నువ్వు యాదమ్మ కదా అంటివి, నేను ఆ అంటి. నేనేం తప్పు జేసిన?" అంది.

"మీ తప్పేం లేదండి. ఏ యాదమ్మ అని నేను అడగాలి. మీ పేరు మీ నోటితో చెప్పించుకోవాలి. ఇకమీదట ఎవరైనా సూది పట్టుకొచ్చి యాదమ్మవేనా అంటే జవాబు చెప్పకండి. అడగాల్సినట్టు అడిగేదాకా నోరు తెరవకండి."

సత్తెమ్మ గారు మందుల అట్టపెట్టె ముక్క ఒకటి కత్తిరించి తన ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టారు. దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాశాను: పెన్సిలిన్ జాతి మందులు పడవు, ఇవ్వరాదు. తేదీ, జరిగింది, డాక్టరు సంతకం, నా పేరు. వెనక నా సొంత ఫోన్ నంబరు. గేటు పక్కన జిరాక్సు షాపులో ప్లాస్టిక్ పొర వేయించి తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"నాకు సదువు రాదు గదా" అంది యాదమ్మ.

"చదవక్కర్లేదండి. ఎర్ర అక్షరాలు చూపించండి, చాలు. ఎక్కడికెళ్లినా ముందు ఇది చూపించండి."

ఆ తర్వాత ఆమె ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ వేరే నర్సు సూది పట్టుకొస్తే, "ఆమెను పిలువుండ్రి" అనేదట. సత్తెమ్మ గారు కారణం అడిగితే, "తప్పు జేసి చెప్పినామె గదా. ఇగ చెయ్యది" అందట. ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

విచారణ

ఆ మధ్యాహ్నం తనిఖీ బృందం ఏ ఫైలు తీసిందో ఊహించండి. వరసలో ఆరోది. బృందంలో ఒక పెద్దావిడ గీత మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు. చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా కళ్లజోడు తీసి, వార్డులో అందరి చేతులకూ పట్టీలు చూపించమన్నారు. మాకు చీవాట్లూ పడ్డాయి, నివేదికలో ఒక పేరా కూడా పడింది. మేనేజరు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మహేశ్ ఊరుకోలేదు. ఫిర్యాదు చేశాడు. చేయాల్సిందే. ఆస్పత్రి విచారణ కమిటీ కూర్చుంది, బయటి నుంచి కూడా ఒకరు వచ్చారు. వాళ్లకు ఆ సగం వాక్యమే దొరికింది. "అంటే మొదట దాచాలనుకున్నారా?" అని అడిగారు.

పక్కన కూర్చున్న ఆస్పత్రి లాయరు నా వైపు చూసి కనుబొమ్మ ఎత్తాడు. తడబాటు అని చెప్పమని అర్థం. నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అవునండి, దాచాలనుకున్నాను. సగం రాశాను. మా మేట్రన్ గారు ఆపారు" అన్నాను.

హెచ్చరిక ఇచ్చారు. ఆరు నెలలు ఒంటరిగా ఇంజెక్షన్ వేయకూడదన్నారు. నేను పేరు చదివితే, పట్టీ చూస్తే, పక్కన ఇంకో నర్సు నిలబడి సరిచూడాలి. నా కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు నా పక్కన నిలబడి, "పట్టీ చూశారా అక్కా?" అని అడిగేవారు. మొదటి వారం తల తీసేసినట్టుండేది. రెండో నెలకల్లా అలవాటైంది. ఆరు నెలలు అయ్యాక కూడా, ప్రమాదకరమైన మందులకు వార్డంతా ఇద్దరిద్దరం చూసుకునే పద్ధతి పెట్టించాను. ఎవరైనా సణిగితే, "నాకు జరిగింది తెలుసా?" అని మొదలుపెట్టేదాన్ని. వాళ్లు వెంటనే ఒప్పుకునేవారు, ఆ కథ మళ్లీ వినలేక.

మనం ఎంత మంచివాళ్లమన్నది కమిటీ చూడదు పిల్లలూ, కాగితం చూస్తుంది. డాక్టరు రాశాడు కాబట్టి ఇచ్చాను, మేనేజరు చెప్పాడు కాబట్టి రాశాను అంటే కుదరదు. సూది పట్టుకున్న చెయ్యి మనది, సంతకం మనది. కాగితంలో నిజం ఉంటే దాని పక్కన నిలబడగలం. ఉద్యోగం పోయినా నిలబడగలం.

మహేశ్ మాత్రం నన్ను క్షమించలేదు. తల్లి కాలికి కట్టు మార్పించడానికి తీసుకొచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు. నేను తప్పు పట్టలేదు. నేను నిజం చెప్పానని అతను నన్ను మెచ్చుకోవాలన్న రూలు ఎక్కడా లేదు.

మంగళవారం ఫోన్

సత్తెమ్మ గారు పోయి మూడేళ్లయింది. ఉండి ఉంటే మంగళవారం మొదట ఆవిడకే ఫోన్ చేసేదాన్ని.

తెలియని నంబరు. "మేడమ్, రత్నకుమారి సిస్టరేనా? నా పేరు మౌనిక మేడమ్. గోపన్‌పల్లిలో క్లినిక్‌లో స్టాఫ్ నర్సును. ఇక్కడ ఒక పెద్దమ్మ ఇంజెక్షన్ వేయనిస్తలేదు మేడమ్. ఏది అడిగినా మాట్లాడతలేదు. పాత కార్డొకటి చూపిస్తుంది. మీ నంబరు ఉంది దానిమీద."

"ఎర్ర అక్షరాలా?"

"అవును మేడమ్. కానీ డాక్టర్ సార్ రాసింది పెన్సిలిన్ కాదు, పేరు వేరే ఉంది."

"ఆ పేరు చదువమ్మా."

చదివింది. కంపెనీ పెట్టిన పేరు వేరు, లోపల ఉన్న మందు అదే జాతి.

"మౌనికా, సిరంజి పక్కన పెట్టు. వెయ్యకు. అది అదే జాతి మందు. పోయినసారి ఆమె ప్రాణం అంచు దాకా వెళ్లొచ్చింది. డాక్టరు గారికి కార్డు చూపించి వేరే మందు రాయించు. నువ్వు ఫోన్ చేసి మంచి పని చేశావు."

అటు నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "వాళ్ల అబ్బాయే చేయమన్నాడు మేడమ్" అంది మెల్లగా. "ఆ నంబరుకు చెయ్యండి, ఆమె ఉన్నదున్నట్టు చెప్తది అన్నాడు."

మహేశ్ అన్నాడా ఆ మాట? పద్నాలుగేళ్ల కిందట నన్ను చూస్తేనే మొహం తిప్పుకున్న మహేశ్?

ఫోన్ చేతులు మారింది. గొంతు ముసలిదైంది, కానీ గుర్తుపట్టాను. "సిస్టరమ్మా, మంచిగున్నవా?"

"బాగున్నానండి యాదమ్మ గారూ. మీరెలా ఉన్నారు? ఆ అమ్మాయితో ఎందుకు మాట్లాడలేదండి?"

"యాదమ్మవేనా అన్నది. నేను నోరు తెరువలే. గోపన్‌పల్లిల యాదమ్మలు ఎంతమంది లేరు? ఏ యాదమ్మ అని అడగద్దా? నువ్వే గదా జెప్పినవ్."

నేను నవ్వుతున్నాను, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మా ఆయన పేపరు మీదుగా నన్నే చూస్తున్నారు. ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది, అవతల మౌనిక వినే ఉంటుంది. కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల గొంతు, ఈసారి దగ్గరగా, నిదానంగా.

"అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి."

"గట్ల అడుగు" అంది యాదమ్మ. "రాసుకో బిడ్డా. యాదమ్మ. మల్లయ్య పెండ్లాన్ని. గోపన్‌పల్లి. పెన్సిలిన్ పడది."